చర్మం మీద వచ్చినదాన్ని డాక్టరుకు ఎలా చెప్పాలి

"ఒంటి మీద ఏదో ఎలర్జీలా వచ్చింది డాక్టర్‌గారూ, ఏదైనా ఆయింట్‌మెంట్ చెప్పండి." ఈ మాట విన్న డాక్టరుకు తెలిసింది దాదాపు ఏమీ ఉండదు. దద్దుర్లు వచ్చినా ఎలర్జీయే, తామర వచ్చినా ఎలర్జీయే, ఎండాకాలం చెమటకాయలు పేలినా ఎలర్జీయే. గజ్జి సంగతీ అంతే. ఒకరింట్లో అది వేళ్ళ సందుల్లో రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వని అంటురోగం, పక్కింట్లో చీలమండ దగ్గర ఏళ్ళ తరబడి రసి కారే ఎగ్జిమా. ఎదురుగా కూర్చుని చూపిస్తే ఇబ్బంది లేదు, వాళ్ళే చూసుకుంటారు. ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సేవ ఈ-సంజీవనిలో వీడియో కాల్ అయినా, వాట్సాప్‌లో పంపే ఫొటో అయినా, డల్లాస్‌లో ఉన్న కొడుక్కి నరసరావుపేట నుంచి అమ్మ ఫోన్లో చెప్పే కబురైనా సగం పని మాటలే చేయాలి. పైగా దద్దుర్లలాంటివి డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి మాయమవుతాయి. అప్పుడిక మీరు చెప్పేదే ఆధారం.

కాబట్టి జబ్బు పేరు మీరు పెట్టకండి. కంటికి కనిపించింది, వేలికి తగిలింది చెప్పండి. చర్మవైద్యులు చేసేదీ ఇదే: ముందు వర్ణన, తర్వాతే పేరు. రెండు శతాబ్దాల కిందట లండన్‌లో రాబర్ట్ విల్లన్ అనే వైద్యుడు చర్మరోగాల్ని పైకి కనిపించే రూపాన్ని బట్టి ఎనిమిది తరగతులు చేశాడు. ఇప్పుడు మీ ఓపీ చీటీ మీద ఉండే మాక్యూల్, పాప్యూల్, వెసికిల్, పస్ట్యూల్ అన్నీ ఆ లెక్కలోవే. ఆ మాటలు మీరు వాడక్కర్లేదు. కానీ వాటి వెనకున్న ప్రశ్నలు తెలిస్తే జవాబులు సిద్ధం చేసుకోవచ్చు.

ముందు కడిగి, వెలుతురులో చూడండి

పసుపు, సున్నం, కొబ్బరినూనె, పౌడరు, కాలమైన్... చాలామంది ఏదో ఒకటి రాసేశాకే డాక్టరుకు చూపిస్తారు. పసుపు రాసిన చోట రంగు చెప్పలేం. నూనె రాస్తే పొట్టు అణిగిపోయి కనిపించదు. మామూలు నీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్దండి, రుద్దొద్దు. రుద్దితే ఎర్రబడుతుంది, అది జబ్బు ఎరుపో రుద్దుడు ఎరుపో తెలియదు. పది నిమిషాలు ఆగి, పగటిపూట కిటికీ పక్కన చూడండి. పసుపు వెలుతురు బల్బు కింద చూస్తే పసుపు, ఎరుపు ఛాయలు రెండూ మోసం చేస్తాయి.

దురద ఉన్న చోటే కాకుండా ఒళ్ళంతా చూడాలి. తల్లో, చెవుల వెనక, నోటి లోపల, గోళ్ళ మీద, వేళ్ళ సందుల్లో, అరికాళ్ళలో. చేతి మీద పొలుసులు చూపించి మందు తీసుకెళ్ళేవాళ్ళలో కొందరికి మోచేతుల వెనక, మోకాళ్ళ మీద, తల్లో కూడా అవే ఉంటాయి. గోళ్ళ మీద సూదిమొనతో పొడిచినట్టు చిన్న గుంటలూ ఉంటాయి. అడిగేదాకా చెప్పరు. సోరియాసిస్‌ను పట్టిచ్చే ఆనవాళ్ళు అవే.

కళ్ళు మూసుకుని తడమండి

ఇది వింతగా అనిపిస్తుంది కానీ మొదటి ప్రశ్న తేలేది దీనితోనే. కళ్ళు మూసుకుని వేలి కొసతో ఆ చోటు మీదుగా నిమరండి. ఎక్కడ మొదలైందో, ఎక్కడ అయిపోయిందో వేలికి తెలియకపోతే అది చదునుగా ఉన్నట్టు, అంటే రంగు మాత్రమే మారినట్టు. చిన్నదైతే మాక్యూల్ అంటారు, సెంటీమీటరు దాటితే ప్యాచ్. బొల్లి, బుగ్గల మీద మంగు, వీపు మీద సోబి ఇలాంటివే.

వేలికి తగిలితే అది ఉబ్బెత్తు. చిన్నది పాప్యూల్. సెంటీమీటరు దాటి, పైన బల్లపరుపుగా పరుచుకుంటే ప్లేక్. రెండు వేళ్ళ మధ్య పట్టుకుంటే లోతుగా ఉండలా దొరికేది నాడ్యూల్. ప్లేక్‌కీ నాడ్యూల్‌కీ తేడా లోతులోనే ఉంది కాబట్టి పైపైన నిమిరి ఊరుకోకుండా ఒకసారి పట్టి చూడండి. చదును మచ్చలూ చిన్న ఉబ్బెత్తులూ కలిసి వస్తే దాన్ని మాక్యులోపాప్యులర్ ర్యాష్ అంటారు. చీటీ మీద ఎం.పి. ర్యాష్ అని ఉంటే అదే. కొన్ని పుస్తకాలు చిన్నదానికీ పెద్దదానికీ మధ్య గీత అర సెంటీమీటరు దగ్గర గీస్తాయి. ఆ గొడవ మీకొద్దు, కొలత చెప్తే చాలు.

కొలతకు మన ఇళ్ళలో ఉన్న లెక్కే మంచిది: ఆవగింజంత, పెసరగింజంత, శనగగింజంత, నిమ్మకాయంత. డాక్టర్లకు ఈ లెక్క బాగా అర్థమవుతుంది. నాణెంతో పోలిస్తే మాత్రం రూపాయి బిళ్ళ అనకండి, ఒక్కో ముద్రణలో ఒక్కో సైజు ఉంటుంది. పది రూపాయల నాణెం అడ్డంగా 27 మిల్లీమీటర్లు. దాన్ని పక్కన పెట్టి ఫొటో తీస్తే చూసేవాళ్ళకు కొలత దానంతట అదే తెలుస్తుంది. పెద్దగా పాకినదైతే అరచేతులతో చెప్పండి. వేళ్ళతో సహా రోగి అరచేయి ఆ మనిషి ఒంటి చర్మంలో దాదాపు 1 శాతం. "వీపంతా" అనే మాటకన్నా "ఆరు అరచేతులంత" అన్న మాట చాలా నయం. పిల్లలకు చూసేటప్పుడు పిల్లల అరచేయే లెక్క, మీది కాదు.

లోపల ఏముంది?

ఉబ్బెత్తుగా ఉన్నది గట్టిగా ఉందా, ఏదైనా నిండి ఉందా? నీరు నిండిన చిన్న పొక్కు వెసికిల్. సెంటీమీటరు దాటితే బుల్లా, మనం బొబ్బ అంటాం. చీము నిండితే పస్ట్యూల్. మొదట నీరు ఉండి తర్వాత చీము పట్టిందా, మొదటి నుంచీ చీమేనా అన్నది కూడా చెప్పండి.

బొబ్బల విషయంలో ఒక ముఖ్యమైన తేడా ఉంది. బిగుతుగా, గట్టిగా నిలబడి ఉన్నాయా, వదులుగా వాలిపోయి తాకగానే చితికిపోతున్నాయా? పెద్ద వయసువాళ్ళలో కాళ్ళూ చేతులూ అంతటా బిగువైన బొబ్బలు వస్తే ఒక దారి, వదులు బొబ్బలతోపాటు నోట్లో మానని పుళ్ళు ఉంటే ఇంకో దారి. మొదటిది బుల్లస్ పెంఫిగాయిడ్ కావచ్చు, రెండోది పెంఫిగస్ కావచ్చు. రెండో దానికి ఆలస్యం పనికిరాదు. సూది పెట్టి నీరు తీసేయాలని చేయి దురదపెడుతుంది, ఆపుకోండి. కనీసం ఒక్కటైనా పగలని బొబ్బ ఉంటే డాక్టరు పని సులువవుతుంది.

దద్దుర్లు వేరే జాతి. వాటిలో నీరు పొక్కులా చేరదు, చర్మం లోపలి పొరే వాస్తుంది. వైద్యులు వీల్ అంటారు, జబ్బును అర్టికేరియా అంటారు. పైన పొట్టు ఉండదు, పక్కు కట్టదు, చర్మం నునుపుగానే ఉంటుంది. ఇంట్లో చేయగల పరీక్ష ఒకటుంది. ఒక దద్దు చుట్టూ బాల్‌పెన్నుతో గీత గీసి, పక్కన టైము రాయండి. 24 గంటల్లోపు ఆ గీత లోపలిది మాయమై ఇంకెక్కడో కొత్తది లేస్తే అది మామూలు దద్దుర్ల తీరు. రోజు దాటినా అక్కడే ఉన్నా, పోతూ పోతూ కమిలిన మచ్చ వదిలినా ఆ మాట తప్పకుండా చెప్పండి. రక్తనాళాల వాపు ఉందేమోనని వెతుకుతారు. ఆరు వారాలు దాటి వస్తూ పోతూ ఉంటే దాన్ని దీర్ఘకాలిక అర్టికేరియా కింద లెక్కేస్తారు.

మొటిమల గురించి ఒక్క మాట. నల్ల మొన, తెల్ల మొన ఉన్నవి కామెడోన్లు. అవేవీ లేకుండా అన్నీ ఒకే సైజులో గుప్పున లేస్తే "ఏ క్రీము రాస్తున్నారు, ఏ మాత్రలు వేసుకుంటున్నారు" అని అడుగుతారు. స్టెరాయిడ్ వల్ల వచ్చే మొటిమలు అలా ఉంటాయి.

పైన ఏముంది?

పొట్టు, పక్కు ఒకటి కాదు. పొట్టు అంటే ఎండిన చర్మపు పొరే రాలడం, దీన్ని స్కేల్ అంటారు. పక్కు అంటే రసి, చీము, రక్తం ఎండి కట్టినది, క్రస్ట్. పిల్లల ముక్కు కింద, మూతి చుట్టూ తేనె రంగులో పక్కు కడితే ఇంపెటిగో అనే బ్యాక్టీరియా పుండ్లను అనుమానిస్తారు. పొట్టులోనూ రకాలున్నాయి. సోరియాసిస్‌లో అభ్రకం రేకుల్లా తెల్లగా, పొరలు పొరలుగా లేస్తుంది. సోబి మచ్చను గోటితో మెల్లగా గీస్తే సన్నటి పొడి రాలుతుంది. బొల్లి మచ్చను ఎంత గీసినా ఏమీ రాలదు.

చర్మం పైపొర మాత్రమే లేచిపోయి తడిగా ఉంటే ఎరోషన్, అది మచ్చ లేకుండా మానుతుంది. ఇంకా లోతుకు వెళ్ళిన పుండు అల్సర్, మానినా మచ్చ మిగులుతుంది. మడమ పగులు ఫిషర్. గోకుడు గాట్లు ఎక్స్‌కోరియేషన్. నెలల తరబడి గోకి గోకి చర్మం దళసరిగా, నల్లగా మారి, గీతలు లోతుగా తేలితే లైకెనిఫికేషన్. దానికి ఎదురు అట్రఫీ: చర్మం పలచబడి, ముడతలు పడి, లోపలి సన్న రక్తనాళాలు కనిపించడం. ముఖం మీద, గజ్జల్లో అట్రఫీ కనిపిస్తే ఏదో ట్యూబు చాలాకాలం నడిచిందని చూడగానే తెలిసిపోతుంది.

వీటిలో కొన్ని జబ్బు పుట్టించినవి, కొన్ని మన గోళ్ళూ మందులూ పుట్టించినవి. అందుకే బాగా ముదిరినదాన్ని కాకుండా నిన్నా ఇవాళా వచ్చిన తాజా పొక్కును చూపించండి. పెద్దది చూపిస్తే డాక్టరు నమ్ముతారని అనుకుంటాం. నిజానికి అసలు రూపు చెరగకుండా ఉండేది కొత్తగా లేచినదానిలోనే.

రంగు, గాజు గ్లాసు

పాశ్చాత్యుల పుస్తకాల్లో ఎరుపు అని రాసినదంతా మన ఒంటి మీద ఎర్రగా కనిపించదు. చామనఛాయలో వాపు ఎరుపు కాస్త వంకాయ రంగుగానో, ముదురు గోధుమగానో, బూడిదగానో కనిపిస్తుంది. "ఎర్రగా ఉందా?" అంటే లేదని చెప్పి ఊరుకోకండి. చుట్టూ ఉన్న చర్మంతో పోలిస్తే ఎలా మారింది, చేత్తో తాకితే వేడిగా ఉందా అన్నది చెప్పండి. జబ్బు తగ్గాక మిగిలే నల్లటి ఛాయ జబ్బు కాదు. దాన్ని చీటీ మీద పి.ఐ.హెచ్. అని రాస్తారు. అది పోవడానికి నెలలు పడుతుంది. మందు పనిచేయలేదని ఆ మచ్చ చూసి డాక్టర్ని మార్చేవాళ్ళు బోలెడుమంది.

తెలుపులోనూ తేడా ఉంది. పాలలా పూర్తిగా తెల్లబడితే ఒకటి, రంగు కొంచెం వెలిసినట్టుంటే ఇంకొకటి. బొల్లి మొదటి రకం. కుష్టు మచ్చ ఎప్పుడూ పాలలా తెల్లబడదు, రంగు తగ్గుతుంది అంతే.

ఇక గ్లాసు పరీక్ష. ఎర్రటి చుక్కల మీద శుభ్రమైన, పలచటి గాజు గ్లాసు పక్కభాగాన్ని ఆనించి నొక్కి, గాజులోంచి చూడండి. నొక్కినప్పుడు ఎరుపు పోయి, వదలగానే తిరిగొస్తే రక్తం నాళాల్లోనే ఉన్నట్టు. నొక్కినా పోకపోతే రక్తం చర్మంలోకి చిమ్మినట్టు. ఆవగింజంత చుక్కలైతే పెటీకియే, పెద్దవైతే పర్ప్యురా, కమిలినంత వెడల్పైతే ఎకిమోసిస్ అంటారు. నల్లటి ఒంటి మీద తెలియకపోతే అరచేతులు, అరికాళ్ళు, కింది పెదవి లోపల, కంటి రెప్ప లోపల చూడండి. వానాకాలం డెంగీ రోజుల్లో ఈ పరీక్ష ప్రతి ఇంటికీ తెలిసి ఉండాలి. జ్వరంతో పాటు నొక్కినా పోని చుక్కలు కనిపిస్తే వాట్సాప్ ఫొటో పంపి జవాబు కోసం కూర్చోవద్దు, నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి.

జ్వరం అన్నాం కాబట్టి ఇంకొకటి. వారం రోజులుగా తగ్గని జ్వరం ఉన్న మనిషికి చంకలో, నడుం దగ్గర, గజ్జల్లో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి చెక్కు కనిపిస్తే అది ఎస్కార్. నొప్పి ఉండదు, దురద ఉండదు, కాబట్టి ఎవరూ చూసుకోరు. స్క్రబ్ టైఫస్ అనే జ్వరానికి అది చాలా బలమైన ఆనవాలు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఈ జబ్బు ఉంది. మందు పాతదే, చవకదే. ఆ చెక్కు సంగతి ఎవరైనా చెప్తే వైద్యం ఒక్కపూటలో మొదలవుతుంది.

ఆకారం, అంచు

అంచు స్పష్టంగా గీసినట్టుందా, చుట్టూ చర్మంలో కలిసిపోయిందా? సోరియాసిస్, తామర అంచులు తెలుస్తాయి, ఎగ్జిమా అంచు చాలాసార్లు తెలియదు. ఉంగరంలా గుండ్రంగా, అంచు ఉబ్బి పొట్టుతో, మధ్యలో మామూలుగా ఉంటే యాన్యులర్ అంటారు. ఒకే గీతలా వస్తే లీనియర్. పొక్కులు గుంపుగా ఒకచోట చేరితే గ్రూప్‌డ్. మూడు వలయాలుగా, మధ్యలో ముదురు రంగుతో ఉంటే టార్గెట్. వానాకాలం దీపం చుట్టూ ముసిరే పెడరస్ అనే సన్నటి పురుగును మెడ మీదో మోచేతి మీదో నలిపేస్తే పొద్దునకల్లా కాలినట్టు పొడుగు చార తేలుతుంది. మోచేయి మడిస్తే ఎదుటివైపు అంటుకున్న చోట కూడా అదే అచ్చు పడుతుంది. ఆ చార ఆకారం చెప్తే చాలు, "సర్పి వచ్చింది" అన్న కంగారు తగ్గుతుంది.

తామర దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఇప్పుడు దాని రూపమే మారిపోయింది. మెడికల్ షాపులో "దురదకు ఏదైనా ఇవ్వండి" అంటే ఇచ్చే ట్యూబులో తరచూ మూడు నాలుగు మందులు కలిసి ఉంటాయి: ఫంగస్‌కు ఒకటి, బ్యాక్టీరియాకు ఒకటి, వాటితోపాటు క్లోబెటసాల్, బీటామెథసోన్‌లాంటి స్టెరాయిడ్ ఒకటి. రెండు మూడు రోజుల్లో దురద ఆగుతుంది, మందు అద్భుతం అనిపిస్తుంది. ఫంగస్ మాత్రం ఆ నీడలో పాకుతూనే ఉంటుంది. మానేయగానే రెట్టింపుగా తిరిగొస్తుంది. అప్పుడది ఉంగరంలా ఉండదు. వలయంలో వలయం, చెదిరిన అంచులు, మధ్య మధ్య చీము పొక్కులు. దీనికి టీనియా ఇన్‌కాగ్నిటో అని పేరు, అంటే మారువేషంలో ఉన్న తామర. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీముల్ని చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అమ్మకం ఆగిందా అంటే, మీ వీధి చివరి షాపుకు వెళ్ళి చూడండి. వర్ణన చెప్పేటప్పుడు "ఏదో తెల్ల ట్యూబు రాశాను" అనకుండా ఆ ట్యూబు మీద చిన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు ఫొటో తీసి పంపండి. ఖాళీ ట్యూబైనా పారేయకండి. ఎన్నాళ్ళు రాశారో దాచొద్దు. డాక్టరు తిట్టినా ఆ ఒక్క వివరం మీ వైద్యాన్ని సరైన దారిలో పెడుతుంది.

ఎక్కడెక్కడ ఉంది, ఎక్కడ లేదు

కాగితం మీద మనిషి బొమ్మ ముందువైపు, వెనకవైపు గీసి ఉన్న చోటల్లా పెన్సిలుతో నింపండి. ఎంత వంకరగా గీసినా పర్లేదు. రెండువైపులా సమానంగా ఉందా, ఒకవైపేనా? మోచేయి వెనకా, ముందు మడతలోనా? బట్ట కప్పే చోటా, ఎండ తగిలే చోటా? ఈ బొమ్మే సగం జబ్బులు చెప్పేస్తుంది.

పొలంలో పనిచేసేవాళ్ళకు ముఖం, మెడ, చేతులు నల్లబడి, దళసరై, దురదపెడితే ఎండ వల్ల అనుకుంటాం. ఒకసారి గడ్డం కింద, చెవుల వెనక, కంటి పై రెప్పల మీద చూడండి. ఎండ అక్కడ పెద్దగా పడదు. అక్కడా ఉందంటే గాల్లో ఎగిరొచ్చి పడేదేదో కారణం, మన చేలగట్ల మీద అది చాలాసార్లు వయ్యారిభామే. "లేదు" అన్న మాటకు ఉన్న విలువ ఇక్కడ తెలుస్తుంది. అలాగే నుదుటి మీద సరిగ్గా బొట్టుబిళ్ళంత తెల్లమచ్చ, గిల్టు గొలుసు ఆనే చోట దురద, బొడ్డు కింద జీన్స్ గుండీ తాకే చోట పొక్కులు. వీటికి వస్తువు పేరు చెప్తే చాలు. బిళ్ళ జిగురులో ఉండే ఒక రసాయనం చర్మం రంగును చంపేస్తుంది.

వేళ్ళ సందులు, మణికట్లు, బొడ్డు చుట్టూ, నడుం, మర్మాంగాల దగ్గర పొక్కులు, రాత్రి దురద, ఇంట్లో ఇంకొకరికీ అదే బాధ. గజ్జికి, అంటే స్కేబీస్‌కు, ఇది అచ్చమైన తీరు. మర్మాంగాల దగ్గర ఉన్నవి సిగ్గుపడి చెప్పరు, ఉన్నాయని నోటితో అంటే చాలు. మొదటిసారి సోకినవాళ్ళకు దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు కాబట్టి ఇంట్లో ఎందరున్నారో, ఎవరెవరికి దురద ఉందో కూడా చెప్పాలి. సన్నటి గీతలా అర సెంటీమీటరు వంకర చార కనిపిస్తే అది పురుగు తొలిచిన బరో.

అరచేతుల్లో, అరికాళ్ళలో వచ్చినవి ప్రత్యేకంగా చెప్పండి. చిన్నపిల్లలకు అక్కడా నోట్లోనూ నీటిపొక్కులు వస్తే హ్యాండ్ ఫుట్ మౌత్. పెద్దవాళ్ళకు అక్కడ దురద లేని గోధుమరంగు మచ్చలు వస్తే సిఫిలిస్ అనే సుఖవ్యాధికి పరీక్ష రాస్తారు. కోపం తెచ్చుకోకండి, అది అనుమానం, అభాండం కాదు. ప్రభుత్వాసుపత్రుల్లో ఈ విభాగం బోర్డు మీద డి.వి.ఎల్. అని ఉంటుంది: చర్మవ్యాధులు, సుఖవ్యాధులు, కుష్టు మూడూ ఒకే చోట చూస్తారు. చర్మం కోసం వెళ్ళాల్సింది అక్కడికే.

ఏమనిపిస్తోంది?

దురదా, మంటా, సలుపా, నొప్పా, తిమ్మిరా? ఏదీ లేకపోవడం కూడా జవాబే. ఒంటికి ఒకేవైపు, వీపు నుంచి పొట్ట దాకా పట్టీలా మంట మొదలై, రెండు మూడు రోజులకు నీటిపొక్కుల గుంపులు లేస్తే అది హెర్పిస్ జోస్టర్, మనం సర్పి, అక్కి అంటాం. మంట ముందు వచ్చిందా, పొక్కులు ముందా అని తప్పక చెప్పండి. వైరస్ మందు పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలైతే మేలు ఎక్కువ. అక్కి రాయించుకోవడానికి తిరిగి ఆ మూడు రోజులూ పోగొట్టుకోకండి. పొక్కులు నుదుటి మీద, ముక్కు కొస మీద ఉంటే కంటికి ముప్పు, అదే రోజు కంటి డాక్టరు కూడా చూడాలి.

స్పర్శ పోవడం ఇంకా ముఖ్యం. రంగు తగ్గిన మచ్చ ఉంటే ఆ మనిషిని కళ్ళు మూసుకోమని, దూది కొసతో ఒకసారి మచ్చ మీద, ఒకసారి పక్క చర్మం మీద తాకండి. ఎక్కడ తాకారో వేలితో చూపించమనండి. మచ్చ మీద తెలియకపోతే, అక్కడ వెంట్రుకలు రాలి, చెమట పట్టకుండా పొడిగా ఉంటే కుష్టు పరీక్ష చేయించాలి. దురద, నొప్పి లేవని చాలామంది ఏళ్ళ తరబడి వదిలేస్తారు. మందు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. ఐదు మచ్చల దాకా ఉంటే సాధారణంగా ఆరు నెలలు, అంతకు మించితే ఏడాది.

ఎప్పుడు, ఏ వరసలో

ఏ తేదీన, ఎక్కడ మొదలైంది, ఎటు పాకింది. ఆటలమ్మ ఛాతీ, వీపు మీద ఎక్కువగా వస్తుంది, విడతలు విడతలుగా లేస్తుంది. అందుకే ఒకే చోట ఎర్రచుక్క, నీటిపొక్కు, ఎండిన పక్కు మూడూ కలిసి కనిపిస్తాయి. తట్టు జ్వరం, దగ్గు, ఎర్రకళ్ళ తర్వాత చెవుల వెనక మొదలై కిందికి దిగుతుంది. ఈ వరస ఫొటోలో కనిపించదు, మీరు చెప్తేనే తెలుస్తుంది. గత రెండు నెలల్లో కొత్తగా మొదలుపెట్టిన మందులన్నీ రాయండి, ఆయుర్వేదం, హోమియో, ఇంజెక్షన్లతో సహా.

ఫిట్స్ మాత్రలు, అల్లోప్యూరినాల్, సల్ఫా మందులు మొదలుపెట్టాక చర్మం మండుతూ బొబ్బలెక్కి, నోరు, కళ్ళు పుండైతే మందు ఆపి వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. దద్దుర్లతో పెదవులు, నాలుక వాచి ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చేయాలి. కాలు వేడిగా, ఎర్రగా గంటగంటకూ పాకుతున్నా, షుగర్ ఉన్నవాళ్ళ పాదం నల్లబడినా అంతే తొందర. వీటికి ఇంట్లో కూర్చుని వర్ణన రాయడం కాదు పని.

ఫొటో, సందేశం

మూడు ఫొటోలు తీయండి. ఒకటి దూరం నుంచి, మొత్తం చేయో వీపో కనిపించేలా. ఒకటి మధ్యస్థంగా. ఒకటి జానెడు దూరం నుంచి, పక్కన పది రూపాయల నాణెంతో. ఫ్లాష్ వద్దు. వెలుతురు పక్క నుంచి పడితే ఉబ్బు నీడతో తెలుస్తుంది. బ్యూటీ మోడ్ ఆపేయండి, కొన్ని ఫోన్లు జబ్బును కూడా నునుపు చేసేస్తాయి. వాట్సాప్‌లో ఫొటోలా కాకుండా డాక్యుమెంట్‌లా పంపితే నాణ్యత తగ్గదు. ఆ వైపే కాకుండా ఎదుటి చేతినీ తీసి పంపండి. మర్మాంగాల ఫొటోలు డాక్టరు అడిగితేనే, వాళ్ళకు మాత్రమే. చుట్టాల గ్రూపులో అభిప్రాయ సేకరణ వద్దు.

ఫొటోల కింద ఇలా రాస్తే చాలు:

"మగ, 34 ఏళ్ళు, షుగర్ లేదు. ఇరవై రోజుల కిందట కుడి గజ్జలో పెసరగింజంత పొక్కు ఒకటి మొదలై గుండ్రంగా పాకింది. ఇప్పుడు అరచేతిలో సగం ఉంది. అంచు ఉబ్బెత్తుగా, గోధుమ ఎరుపులో, పొట్టుతో ఉంది. మధ్యలో చదునుగా, కాస్త నల్లగా ఉంది. నీరు, చీము లేవు. దురద ఎక్కువ, చెమట పడితే ఇంకా ఎక్కువ. ఎడమ గజ్జలో, నడుం దగ్గర, వేళ్ళ సందుల్లో లేదు. ఇంట్లో తమ్ముడికీ ఉంది. షాపులో ఇచ్చిన ట్యూబు పది రోజులు రాసి నాలుగు రోజుల కిందట ఆపాను, మందుల పేర్ల ఫొటో పెట్టాను. జ్వరం లేదు. వేరే మందులేవీ వాడటం లేదు."

చదివిన డాక్టరు చీటీ మీద దాదాపు ఇలా రాసుకుంటారు: కుడి గజ్జ, ఒకే యాన్యులర్ ఎరిథిమేటస్ (ఎర్రబడిన) ప్లేక్, అంచున స్కేలింగ్, మధ్యలో క్లియరింగ్, దురద ఉంది, స్టెరాయిడ్ వాడిన చరిత్ర, కుటుంబంలో మరొకరు. ఆ తర్వాత మిమ్మల్ని రమ్మంటే, అంచు నుంచి కాస్త పొట్టు గీకి, ఫంగస్ ఉందేమో చూసే కే.ఓ.హెచ్. పరీక్ష చేస్తారు. కాబట్టి వెళ్ళే రోజు పొద్దున అక్కడ ఏ క్రీమూ, నూనే, పౌడరూ రాసుకోకండి. తమ్ముణ్ణీ వెంట తీసుకెళ్ళండి.